నేస్తానికి జీతమేటి

మురళిని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఎత్తే మనిషి అతని చేతులు రెండూ తన మెడ చుట్టూ వేసుకోవాలి. అతని మోకాళ్ళను తన మోకాళ్ళతో అదిమి పట్టాలి. ఆ తరవాత "ఎత్తుతన్నాను బాబూ" అని చెప్పాలి. చెప్పకుండా ఎత్తితే అతని ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోతుంది. మురళికి మీసం మొలిచిన ఏడాది నుంచి దాలమ్మ రోజూ అలాగే ఎత్తుతోంది. ఇప్పుడా మీసంలో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి.

"ఎత్తుతన్నాను బాబూ."

"ఆగు. హెల్మెట్ పెట్టుకున్నావా?" అన్నాడు మురళి.

పుట్టుకతోనే అతని కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు. మాట కూడా ముద్దముద్దగా వస్తుంది, ఒక్కో మాటకీ మెడ నరాలు ఉబ్బుతాయి. కొత్తవాళ్ళు అది మూలుగనుకుంటారు. దాలమ్మకి మాత్రం అది మాటే. అందులో సగం ఎప్పుడూ వేళాకోళమే.

"నీ బరువుకి హెల్మెట్టేటి సాల్తాది? కార్ఖానాలో క్రేనే రావాల," అని దాలమ్మ నవ్వుతూ ఎత్తింది. ఎత్తాక నడుములో ఏదో పట్టుకుంది. గోడకి చెయ్యి ఆన్చి కాసేపు నిలబడింది.

"నవ్వుతూ ఏడుస్తున్నావు," అన్నాడు మురళి.

"నీకన్నీ కావాల," అని ఆమె దువ్వెన తీసుకుంది.

పలాస వైపు నుంచి ఈ ఉత్తరాది ఉక్కు ఊరికి వలస వచ్చి, కద్మా పేటలో ఆ ఇల్లు మురళి తండ్రి కట్టించాడు. ఆయన కార్ఖానాలో ఫోర్‌మన్‌గా పనిచేసి, రిటైరైన కొన్నాళ్ళకే పోయాడు. ఇప్పుడు ఇంట్లో మురళి, తల్లి పద్మకుమారి, ఇద్దరే. పై వాటా అద్దెకిచ్చారు. పద్మకుమారికి మోకాళ్ళు అరిగిపోయి, తన ఒంటిని తనే మోసుకోలేదు. ఇక కొడుకుని ఎక్కడ మోస్తుంది? తెల్లారి సాక్చి మీదుగా రెండు ఆటోలు మారి దాలమ్మ వస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పక్క మారుతుంది, మురళి ముఖం కడిగించుకుంటాడు. పొద్దు వాలాక ఆమె మళ్ళీ రెండు ఆటోలు మారి భుయ్యాడీ బస్తీకి వెళ్తుంది. ఆదివారమైనా అంతే, పండగైనా అంతే. నెలకి ఏడు వేలు.

భుయ్యాడీ బస్తీలో కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉంటే ఆడవాళ్ళ మాటలు వరస లేకుండా సాగుతాయి. వాళ్ళలో చాలామంది దాలమ్మలాంటి ఆయాలే. కద్మాలో, సిద్ధగోరాలో, నడవలేనివాళ్ళనీ మాట రానివాళ్ళనీ చూసుకునేవాళ్ళు. ఆ వేసవిలో ఒక పొద్దున్న సన్యాసమ్మ ఖాళీ బిందెని బోర్లించి దాని మీద కూర్చుని పంచాయితీ పెట్టింది. సన్యాసమ్మ దాలమ్మ కంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. కద్మాలోనే కూర్మారావు అనే వ్యాపారి ఇంట్లో ఆయన కూతురు స్మితని చూసుకునేది. స్మితకి పదకొండేళ్ళు. వయసుకి తగ్గ బుద్ధి ఎదగలేదు, పైగా ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు," అంది సన్యాసమ్మ. "మనం ఆల పిల్లల్ని అమ్మల్లాగ సూత్తన్నాం. మరి మనకెవుడు పెడతాడు?"

"అడిగితే పొమ్మంటారే," అంది భద్రమ్మ. భద్రమ్మ సిద్ధగోరాలో చూపులేని ఒక ముసలాయన్ని చూసుకుంటుంది. భయం ఆమెకి పుట్టుమచ్చ లాంటిది.

"ఒక్కల్లడిగితే పొమ్మంటారు. అందరం ఒకే దినం, ఒకే మాట అడిగితే ఎవుల్ని పొమ్మంటారు? మురుక్కాలవ కడిగీవోడికి నాగా ఉంది. మనకి లేదు. ఒకటో తారీకున అందరం అడుగుదుం. పదకొండు వేలు, ఆదివారం సెలవు. అప్పా, నువ్వేటంతావు?"

అందరూ దాలమ్మ వైపు తిరిగారు. ఆ పనిలో అందరికంటే పాతది ఆమే. సగం మందిని ఆ ఇళ్ళలో పనికి కుదిర్చింది కూడా ఆమే. దాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, నిండిన బిందెని కాసేపు చూసింది.

"అడుగుదుం," అంది.

"నువ్వడిగితే కద్మా అంతా ఇంటాది," అని సన్యాసమ్మ చెయ్యి చాచింది. దాని మీద దాలమ్మ చెయ్యి వేసింది. దాని మీద భద్రమ్మ, ఆ మీద మిగతావాళ్ళు. తడి చేతులు.

మాట తప్పాలని దాలమ్మ ఎప్పుడూ అనుకోలేదు. ఆమె చేసిన పొరపాటు వేరు. నెలాఖరు రోజు మురళికి అన్నం తినిపించి మూతి తుడిచాక, పద్మకుమారి కాళ్ళ దగ్గర కూర్చుని విషయం ముందుగా చెప్పేసింది. ఇన్నేళ్ళు ఉప్పు తిన్న ఇంట్లో నెత్తిన బండ పడేసినట్టు అడగడం మర్యాద కాదనిపించింది.

"అమ్మగారూ, రేపు నానొక మాట అడుగుతాను. నానే కాదు, అందరూ ఆల ఆల ఇల్లల్లో అడుగుతారు. మీరు ఇంటప్పుడు కోప్పడకండి."

పద్మకుమారి కోప్పడలేదు. అంతా విని, "అందరూనా?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రం దాలమ్మ వెళ్ళబోయేటప్పుడు లోపలికి పిలిచింది. దేవుడి గూటి ముందు పీట వేసి ఉంది. పళ్ళెంలో కొత్త చీర, పసుపు, కుంకుమ, తమలపాకులు, బెల్లం ముక్క ఉన్నాయి.

"కూర్చో దాలమ్మా. మా అత్తగారికి పలాసలో ఒక నేస్తం ఉండేది. నాకీ ఊళ్ళో ఎవరున్నారు? నువ్వు నాకు నేస్తం కట్టు."

నేస్తం కట్టడమంటే వట్టి స్నేహం కాదు. వాళ్ళ ఊళ్ళ వైపు ఇద్దరు ఆడవాళ్ళు చీరలు మార్చుకుని, ఒకరి నుదుట ఒకరు బొట్టు పెట్టి, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకుంటే ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలుచుకోరు. నేస్తం అనే పిలుచుకోవాలి. ఒక కడుపున పుట్టినవాళ్ళ కంటే ఎక్కువ. ఒకరికి జబ్బు చేస్తే రెండోవాళ్ళు వెళ్ళి పక్కన కూర్చోవాలి. చావొస్తే ముందు నిలబడాలి. డబ్బు మాట మాత్రం ఇద్దరి మధ్యా రాకూడదు. దాలమ్మ తల్లి పోయినప్పుడు ఆమె నేస్తం వర్షంలో మూడూళ్ళు దాటి నడిచొచ్చి, కోడళ్ళ కంటే ముందు ఏడ్చింది. అది దాలమ్మ చిన్నప్పుడు కళ్ళారా చూసింది.

ఇరవై ఏళ్ళుగా ఆమె ఇతరుల ఒళ్ళు కడుగుతోంది. తిట్టినవాళ్ళున్నారు, జాలి పడ్డవాళ్ళున్నారు. పక్కన పీట వేసి కూర్చోమన్నవాళ్ళు లేరు. ఆమె కళ్ళు నిండిపోయాయి. కూర్చుంది. బొట్టు పెట్టించుకుంది. బెల్లం నోట్లో కరిగేదాకా రేపటి సంగతి గుర్తు రాలేదు.

గుర్తొచ్చేసరికి పద్మకుమారి ఆమె చెయ్యి పట్టుకుని అంటోంది: "ఇంక మనిద్దరికీ జీతం గీతం అన్న మాటేటి నేస్తం? ఇది నీ ఇల్లు."

మర్నాడు దాలమ్మ తన పెట్టెలో అట్టేపెట్టుకున్న ఒకే ఒక్క కొత్త చీర తెచ్చి నేస్తానికి ఇచ్చింది. పద్మకుమారి దాన్ని కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టింది. ఆ తరవాత మామూలు ఏడు వేలే తమలపాకులో పెట్టి దాలమ్మ చేతికిచ్చింది. "జీతం కాదు సుమా, చేతిఖర్చు," అంది.

దాలమ్మ వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. కూర్మారావు భార్య. పద్మకుమారి మాటలే ఇటు వినిపించాయి.

"మా దాలమ్మా? మా దాలమ్మ ఏమీ అడగలేదండీ. అది నా నేస్తం. నేస్తం జీతం అడుగుతుందా?... మీ ఇష్టం మరి. మా ఇంట్లో మాత్రం అలాంటి గొడవ లేదు."

చారు పొంగి పొయ్యి ఆరిపోయింది. ముందు గదిలోంచి మురళి ఏదో అన్నాడు. దాలమ్మ వెళ్ళి చూస్తే అతను నవ్వడం లేదు.

"నేస్తానికి ఛుట్టీ మిల్తా హై క్యా?" అన్నాడు. నేస్తానికి సెలవుంటుందా అని.

"నీకెందుకు బాబూ అయన్నీ."

"నాకు కాకపోతే ఎవరికి? అమ్మ నిన్ను కట్టలేదు. నన్ను నీకు కట్టింది."

సాయంత్రానికి కద్మా అంతా తెలిసిపోయింది. పెద్దది, పాతది, దాలమ్మే అడగలేదట. మిగతావాళ్ళకేం హక్కు? భద్రమ్మ నోరు విప్పకముందే మూసేసుకుంది. ఇంకొకామె రెండొందలు పెంచితే చాలని ఒప్పుకుంది. సన్యాసమ్మ ఒక్కతే మాట మీద నిలబడింది. కూర్మారావు ఆమెని గేటు బయటికి పంపి గొళ్ళెం పెట్టాడు. స్మిత గేటు ఊచలు పట్టుకుని అరిచిందట. ఎవరో లోపలికి లాక్కెళ్ళారట.

మర్నాడు కుళాయి దగ్గర దాలమ్మ బిందె పెట్టగానే సన్యాసమ్మ తన బిందె తీసి దూరంగా పెట్టుకుంది.

"ఓలమ్మా, జరగండే, జరగండి. అమ్మగారి నేస్తం వచ్చీసింది. ఆల బిందె ముందు నింపండి."

"సన్యాసీ, నా మాటిను—"

"ఏటినాల? అందరి చేతులూ నీ చెయ్యి మీదెట్టినాం. నువ్వు ఆ చేత్తోనే బెల్లం తిన్నావు. మా కూలికి పసుపు రాసి తాంబూలంలో పెట్టీసినావు కదే అప్పా."

ఎవరూ నవ్వలేదు. దాలమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఆ తరవాతి రోజుల్లో పని పెరిగింది కాని తగ్గలేదు. నేస్తం కదా అని పద్మకుమారి మందుల దుకాణానికి పంపేది, పై వాటా మెట్లు కడిగించేది. "నేస్తం, కాస్త" అంటే కాదనే నోరు దాలమ్మకి లేదు. ఒక మధ్యాహ్నం మురళిని స్నానాల గదిలోంచి తెస్తుండగా ఆమె నడుం పట్టు తప్పింది. ఎత్తుతన్నాను బాబూ అని చెప్పింది, మోకాళ్ళు అదిమింది, అంతా పద్ధతి ప్రకారమే చేసింది. ఒళ్ళే మాట వినలేదు. ఇద్దరూ తడి గచ్చు మీద పడ్డారు. అతని తల గచ్చుకి తగలకుండా ఆమె తన మోచెయ్యి అడ్డం పెట్టింది.

కదల్లేక అలాగే పడి ఉన్నారు. పద్మకుమారి గుమ్మంలో నిలబడి అరుస్తోంది. అరిగిన మోకాళ్ళతో ఆమె వంగలేదు.

"దాలమ్మా," అన్నాడు మురళి ఆమె చెవి దగ్గర, "క్రేన్ ఖరాబైంది."

దాలమ్మకి ఏడుపొచ్చింది. పై వాటావాళ్ళు వచ్చి లేపారు.

ఆమె బస్తీలో చాప మీద పడుకుంది. పక్కకి తిరగాలంటే ప్రాణం పోయేది. ఆమె కొడుకు పోలరాజు లారీ మీద తిరిగేవాడు, ఊళ్ళో లేడు. ఎదురింటి ముసలమ్మ గంజి తెచ్చి పెట్టింది. దాలమ్మ గంజి తాగుతూ వాకిలి వైపు చూసేది. నేస్తానికి జబ్బు చేస్తే నేస్తం రావాలి. ఒంట్లో బాగులేనిది తనకి. తమలపాకులో పెట్టి తెచ్చే చేతిఖర్చు అక్కర్లేదు. పక్కన కూర్చుంటే చాలు. వర్షంలో మూడూళ్ళు నడవక్కర్లేదు, ఆటో ఉంది.

ఫోనొచ్చింది.

"నేస్తం, ఎలా ఉంది? రేపొస్తావా? బాబుకి పక్క మార్చినవాళ్ళు లేరు."

"లెగలేకున్నాను నేస్తం. నువ్వొకసారి వత్తావా?"

"నేనెలా రాను? బాబుని ఎవరికి వదిలి రాను?" అంది పద్మకుమారి. అబద్ధం కాదు అది. ఆ నిజమే దాలమ్మ గుండెలో దిగబడింది. ఆ ఇంట్లోంచి ఒక మనిషి బయటికి రావాలంటే ఇంకో మనిషి అక్కడ ఉండాలి. ఆ ఇంకో మనిషి తనే. జబ్బు పడ్డదీ తనే. అందుకే ఈ నేస్తం ఎప్పటికీ నేస్తం కాలేదు. ఫోన్ రోజూ వచ్చింది. రోజూ ఒకటే మాట, ఎప్పుడొస్తావు?

నడవగలిగిన రోజు దాలమ్మ పద్మకుమారి ఇచ్చిన చీరని మడతపెట్టి, మీద రెండు తమలపాకులు పెట్టుకుని కద్మా వెళ్ళింది. లోపలికి వెళ్ళలేదు. వరండాలో అరుగు మీద చీర పెట్టి నిలబడింది.

"అమ్మగారూ," అంది.

పద్మకుమారి ఆ పిలుపు విని చీర వైపు చూసింది. అర్థమైంది. "నేస్తం తెంపుకుంటావా? పాపం కాదా?"

"పాపమే. కట్టినప్పుడే జరిగిపోనాది. పదకొండు వేలమ్మా, ఆదివారం సెలవు. బాబుని ఎత్తడానికి సాయం ఇంకో మనిసి ఉండాల. సన్యాసమ్మ ఖాళీగా ఉంది."

"ఇద్దరికి ఎక్కడినుంచి తేను?" పద్మకుమారి కుర్చీలో కూలబడింది. "నేను పోయాక వీడి గతేంటని రూపాయి రూపాయి దాస్తున్నాను. నీకిప్పుడిస్తే రేపు వీడికేముంటుంది చెప్పు?"



"మరి నా నడుం పోతే నాకేముంతాది అమ్మా?" అని అడిగింది దాలమ్మ.

పద్మకుమారి లోపలికి వెళ్ళి బీరువా తీసింది. దాలమ్మ ఇచ్చిన చీర తెచ్చి అరుగు మీద పెట్టింది. దుకాణంలో వేసిన మడత అలాగే ఉంది.

మర్నాడు ఆయాలని పంపే ఏజెన్సీ నుంచి ఒక పిల్లని పెట్టుకున్నారు. ఆ పిల్ల చెప్పకుండా ఎత్తింది. మురళి కొయ్యయిపోయాడు. అన్నం కలిపి నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించాడు. తల్లి పెట్టినా తెరవలేదు. సాయంత్రం పెట్టినా, మర్నాడు పెట్టినా అంతే. మాట రాక కాదు, మాట్లాడాడు. పద్మకుమారికి ఆ ముద్దమాటలు బాగానే తెలుసు.

"పై వాటా అద్దె నా పేరు మీద వస్తోంది," అన్నాడు. "నా తరవాత సంగతి నాకొద్దు. ఇప్పుడు నన్ను ఎత్తేవాళ్ళకివ్వు."

కొడుకు పెదాలు ఎండి పగిలాక పద్మకుమారి ఫోన్ చేసింది. పదకొండు వేలు. ఆదివారం సెలవు. రెండో మనిషిని మాత్రం కుదరదంది.

దాలమ్మ వెళ్ళింది. ఒప్పుకున్న డబ్బు పద్మకుమారి ఒకటో తారీకున ఠంచనుగా ఇచ్చింది. తమలపాకు లేదు. టీ గ్లాసు వేరైంది. ఆమెని పిలవాల్సి వస్తే "ఇదిగో" అనేది. మురళి ఆ పస్తు రోజులు గడిచాక చాలా చిక్కిపోయాడు. ఛాతీలో దగ్గు పట్టి వదల్లేదు. ఎత్తుతుంటే తేలిగ్గా ఉన్నాడు. ఆ తేలికకి దాలమ్మకి భయం వేసింది.

"జీతం పెరిగింది, సామాను తగ్గింది," అన్నాడు అతను దగ్గు మధ్యలో. ఆమె నవ్వలేకపోయింది.

మొదటి ఆదివారం ఏం చెయ్యాలో దాలమ్మకి తెలియలేదు. కుళాయి దగ్గరికి వెళ్తే భద్రమ్మ, "అప్పా, నీకిచ్చారటగా, మాకూ ఇస్తారంటావా?" అని మెల్లగా అడిగింది. "అడుగుదుం. మల్లీ అడుగుదుం," అంది దాలమ్మ. భద్రమ్మ చెయ్యి మాత్రం చాచలేదు. దాలమ్మ టెంపో ఎక్కి ఖర్కాయి నది వంతెన దాటి, చిన్న కార్ఖానాలుండే గమ్హరియా వెళ్ళింది.

సన్యాసమ్మ అక్కడ ఒక చిన్న షెడ్డులో బోల్టులు ఏరే పనికి కుదిరింది. ఆదివారం కూడా షెడ్డు నడుస్తోంది. తారు పూసినట్టున్న నూనె నేల మీద ఆడవాళ్ళు బాసింపట్టు వేసుకుని, మంచి బోల్టులు ఒక గుట్టగా, వంకరవి ఒక గుట్టగా వేస్తున్నారు. సన్యాసమ్మ తలెత్తి చూసింది. మళ్ళీ దించుకుంది.

దాలమ్మ ఆమె పక్కన చతికిలబడి ఒక బోల్టు తీసి చూసింది. ఎటు వెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుంది.

"నేస్తం తెంపీసినాను," అంది.

"ఇన్నాను."

"పదకొండిత్తన్నారు."

"నాకిక్కడ పన్నెండు." సన్యాసమ్మ అరచేతులు చూపించింది. వేళ్ళ సందుల్లో ఇనప పొట్టు గుచ్చుకుని నల్లని గీతలు పడ్డాయి. "ఇది ఇనుము కదే అప్పా. కింద పడితే ఏడవదు. ఆకలెయ్యదు. మన పేరు పెట్టి పిలవదు. అందుకే దీనికి జీతం ఎక్కువ."

షెడ్డు రేకుల మీద ఎండ చిటచిటలాడుతోంది. సన్యాసమ్మ ఇంకో గుప్పెడు బోల్టులు ముందుకి లాక్కుంది. ఒకటి, రెండు వేసి చెయ్యి ఆపింది.

"ఆ గుంట ఎలాగుంది?" అని అడిగింది, తలెత్తకుండా.

స్మిత సంగతి దాలమ్మకి తెలుసు. కద్మాలో అందరికీ తెలుసు. కొత్త ఆయాలెవరూ నిలవలేదు. వంట చేసేటప్పుడు తల్లి ఆ పిల్ల చెయ్యిని చున్నీతో మంచం కోడుకి కట్టేస్తోంది. ఫిట్స్ వచ్చి ఒకసారి ఆ కట్టుతోనే చెయ్యి బెణికింది.

"బావుంది," అంది దాలమ్మ. "తింతంది."

సన్యాసమ్మ ఆమె ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది. తరవాత దాలమ్మ చేతిలోని బోల్టుని తీసుకుని, వంకరవాటి గుట్టలో పడేసింది.